జేబు టార్చి: మీ చీకటికి తగ్గది కొనడం, వాడడం, బాగు చేసుకోవడం

రాత్రి రెండున్నరకు త్రీఫేజు కరెంటు వచ్చింది. కళ్యాణదుర్గం వైపు మా నాయనకు చీనీ తోట ఉంది. ఆ రాత్రి నేను ఊళ్లోనే ఉన్నాను కాబట్టి మోటరు నేనే వేస్తానని లేచాను. జేబులో అప్పుడే కొన్న టార్చి. దాని పెట్టె మీద 1200 ల్యూమెన్లని (వెలుతురుకు కొలత) రాసి ఉంది. తోట దాకా పట్టపగలు నడిచినట్టే నడిచాను. బోరు దగ్గర స్టార్టరు డబ్బా తలుపు తీసి జానెడు దూరం నుంచి లైటు కొట్టాను. లోపలంతా తెల్ల పెయింటు. కళ్లు బైర్లు కమ్మాయి. పచ్చ బటన్ ఏదో, ఎర్ర బటన్ ఏదో తెలియలేదు. వెలుతురు తగ్గిద్దామని స్విచ్చి నొక్కితే అది అంబులెన్సు లైటులా టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. వెనకాలే వచ్చిన నాయన తన రెండు సెల్లుల పాత బ్యాటరీలైటు వేసి, బటన్ నొక్కి, "ఏమ్రా, వెలుతురు ఎక్కువైనా కనపడదా?" అని నవ్వాడు.

అప్పటినుంచి ఈ పిచ్చి పట్టింది. ఇప్పుడు నా దగ్గర పదమూడు టార్చిలున్నాయి. అనంతపురం చుట్టుపక్కల ఇదే పిచ్చి ఉన్నవాళ్లం నలుగురం: ధర్మవరంలో మగ్గం ఉన్న మా మామ, గుంతకల్లులో రైల్వే ఉద్యోగం చేసే ఒకన్న, కరెంటు పని చేసే మా బావ, నేను. మేం చేసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఒకటే. ఏ చీకట్లోకి పోతున్నామో చూసుకోకుండా పెట్టె మీది అంకె చూసి కొన్నాం. అందుకే ఇక్కడ కొనడం రెండో పని. మొదటి పని వేరే ఉంది.

ముందు మీ చీకటిని కొలవండి

పోయిన నెలలో ఫోను లైటు ఎక్కడెక్కడ వేశారో ఒక కాగితం మీద రాయండి. పక్కనే, మీరు చూడాల్సిన వస్తువు ఎంత దూరంలో ఉందో అడుగుల్లో వేయండి. నేను రాసినప్పుడు పద్నాలుగు సార్లు తేలింది. అందులో పదకొండు సార్లు ఆ దూరం పదడుగుల లోపే: బండి తాళం రంధ్రం, మీటరు బోర్డు, మంచం కింద చెప్పు, నిద్రపోతున్న పిల్లకు జ్వరం చూడడం. రెండుసార్లు సందులో నడక. ఒక్కసారి మాత్రమే దూరం, తోట కంచె అవతల ఏదో కదిలితే.

ఈ మూడు చీకట్లకు మూడు రకాల వెలుతురు కావాలి. చేతికందే దూరంలో పనికి 1 నుంచి 20 ల్యూమెన్లు బోలెడు. నిద్రపోయే ఇంట్లో ఒక్క ల్యూమెను కూడా ఎక్కువే అనిపిస్తుంది. కాలిబాట మీద నడవడానికి 50 నుంచి 150 చాలు. చేలో గట్టు వెంబడి అటూ ఇటూ చూసుకుంటూ పోవాలంటే 300 ఉంటే హాయి. కంచె అవతల, గుట్ట పక్కన ఏముందో చూడాలంటే మాత్రం ల్యూమెన్ల లెక్క పక్కన పెట్టాలి. అక్కడ కావాల్సింది వెలుతురును సూదిలా పంపే గుణం. దాని సంగతి కింద చెబుతాను.

ఫోను లైటు చాలదా అని అడిగేవాళ్లుంటారు. ఇంట్లో చాలు. కానీ అది వెడల్పుగా చిమ్ముతుంది, పది పదిహేను అడుగులు దాటితే పస ఉండదు. పైగా బావి గట్టు మీద వంగి చూసేటప్పుడు చేతిలో ఉన్నది ఇరవై వేల రూపాయల వస్తువు. మా బావ ఫోను ఒకటి ఇప్పటికీ బావిలోనే ఉంది.

పెట్టె మీది అంకెలు

మంచి కంపెనీలు ఎఫ్‌ఎల్-1 అనే ప్రమాణం ప్రకారం అంకెలు వేస్తాయి. 2009లో అమెరికాలో వచ్చిన పద్ధతి అది. దాన్ని అర్థం చేసుకుంటే సగం మోసాలు బయటపడతాయి.

ల్యూమెను అంటే టార్చి నుంచి బయటికి వచ్చే మొత్తం వెలుతురు. క్యాండెలా అంటే ఒక దిక్కున ఎంత చిక్కగా పోతోందో చెప్పే కొలత. బోరు నీళ్లు ఎన్ని ఇంచులు పోస్తున్నాయన్నది ల్యూమెను. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు ఎంత దూరం పడతాయన్నది క్యాండెలా. పెట్టె మీద 'బీమ్ దూరం 200 మీటర్లు' అని ఉంటే అది క్యాండెలా నుంచి కట్టిన లెక్క. క్యాండెలాకు వర్గమూలం తీసి రెండుతో గుణించడమే. 10,000 క్యాండెలా అయితే వర్గమూలం 100, దూరం 200 మీటర్లు. దూరం రెండింతలు కావాలంటే క్యాండెలా నాలుగింతలు కావాలి.

ఇంకో మెలిక ఉంది. ఆ 200 మీటర్ల దగ్గర పడే వెలుతురు పావు లక్స్ (ఒకచోట పడే వెలుతురుకు కొలత). అంటే మబ్బు లేని పున్నమి వెన్నెలంత. వెన్నెల్లో అక్కడేదో ఉందని తెలుస్తుంది గానీ అది కుక్కో దూడో తెలియదు. అందుకే నేను పెట్టె మీది దూరాన్ని సగం చేసి లెక్కేసుకుంటాను. సగం దూరంలో వెలుతురు నాలుగింతలు ఉంటుంది కాబట్టి గుర్తుపట్టడానికి వీలవుతుంది.

ఎంతసేపు వెలుగుతుందన్న అంకెలోనూ చిక్కుంది. ఎఫ్‌ఎల్-1 ప్రకారం వెలుతురు మొదటి దానిలో పదో వంతుకు పడిపోయేదాకా ఉన్న సమయాన్ని రాసుకోవచ్చు. '1200 ల్యూమెన్లు, 4 గంటలు' అని రాస్తే అది అబద్ధం కాదు, నిజమూ కాదు. రెండు మూడు నిమిషాలు 1200 ఇచ్చి, వేడెక్కి, 300కో 400కో దిగి, మిగతా సమయమంతా అక్కడే ఉంటుంది. జేబులో పట్టే లోహపు గొట్టం అంతకంటే వేడిని తట్టుకోలేదు. అది లోపం కాదు, లైటు తనను తాను, మీ చేతిని కాపాడుకోవడం. నాకు తెలిసి ఈ సైజులో ఎడతెగకుండా 400, 500 ల్యూమెన్లు ఇస్తే అది మంచి లైటు.

మోసం పట్టడానికి ఒక లెక్క నేర్చుకోండి. మంచి 18650 సెల్లు (ఒక సైజు లిథియం సెల్లు, పేరు సంగతి కింద చెబుతాను) 3.6 వోల్టులు, 3500 ఎంఏహెచ్ (సెల్లులో ఎంత పడుతుందో చెప్పే కొలత). రెండూ గుణిస్తే సుమారు 12.6 వాట్-గంటలు. టార్చిలో ఒక వాటుకు సుమారు నూరు ల్యూమెన్లు వస్తాయనుకుందాం. అంటే సెల్లు నిండా ఉన్నది 1260 ల్యూమెన్-గంటలు. నూరు ల్యూమెన్లతో వాడితే పన్నెండున్నర గంటలు. వెయ్యితో వాడితే గంటం పావు. ఇప్పుడు ఐదు వందల రూపాయల టార్చి మీద 'లక్ష ల్యూమెన్లు, 10 గంటలు' అని చూసినప్పుడు మీకే నవ్వొస్తుంది. ఒక్క సంగతి: ల్యూమెన్లు రెండింతలైతే కంటికి రెండింతలు అనిపించదు. అలా అనిపించాలంటే దాదాపు నాలుగింతలు కావాలి. 1000కి, 1200కి తేడా కంటికి కనపడదు. ఆ తేడాకు డబ్బు పెట్టకండి.

సెల్లు

పాత రోజుల్లో సెల్లు అంటే లావు సెల్లు, పెన్సిల్ సెల్లు, అంతే. ఇప్పటి లిథియం సెల్లుకు పేరు అంకెల్లో ఉంటుంది, ఆ అంకెలు దాని కొలతలే. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 పొడవు, చివరి సున్నా గుండ్రంగా ఉంటుందనడానికి. 21700 అంటే 21 మందం, 70 పొడవు. 14500 అంటే పెన్సిల్ సెల్లు సైజే, కానీ లిథియం.

జేబుకు ఏది? చొక్కా జేబులో, లుంగీ మొలలో పెట్టుకోవాలంటే 14500. అందులోనూ పెన్సిల్ సెల్లుతో కూడా వెలిగే రకం తీసుకోండి. సోఫిర్న్ ఎస్పీ10 ప్రో అలాంటిదే. లిథియం అయిపోతే ఏ ఊరి చిల్లర కొట్లోనైనా పెన్సిల్ సెల్లు దొరుకుతుంది. వెలుతురు తగ్గుతుంది, చీకటి మాత్రం కాదు. ప్యాంటు జేబుకు 18650. కాన్వాయ్ ఎస్2 ప్లస్ లాంటి సాదా గొట్టం టార్చి ఈ సైజులో చాలామందికి మొదటి మెట్టు. 21700 మొలలో బరువనిపిస్తుంది. అది రాత్రంతా కాపలా ఉండేవాళ్లకు.

నకిలీ సెల్లును పట్టడానికి త్రాసు చాలు. 18650లో నిజమైన కెపాసిటీ ఎక్కువగా 3500, 3600 ఎంఏహెచ్ దగ్గరే ఆగుతుంది. 9900 అని రాసి ఉంటే అది ప్రింటింగ్ మాత్రమే. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. మా బావ సంతలో కొన్న '9900' సెల్లును తెలిసినవాళ్ల బంగారం అంగట్లో తూకం వేయిస్తే 29 గ్రాములు వచ్చింది. అంగడాయన "తరుగు బాగా తీశారే!" అన్నాడు.

ఇక జాగ్రత్తల దగ్గర తమాషా లేదు. లిథియం సెల్లు పైనుండే చిన్న బొడిపె ఒక్కటే ప్లస్. మిగతా ఒళ్లంతా, పక్కలతో సహా, మైనస్. మధ్యలో అడ్డుగా ఉన్నది పలచని ప్లాస్టిక్ తొడుగు, ఒక చిన్న రింగు. తొడుగు చిరిగిన సెల్లును వాడకండి. విడి సెల్లును తాళాలతో పాటు జేబులో వేసుకోకండి. తాళంచెవి రెండు కొసలకూ తగిలితే జేబులోనే నిప్పు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలు దొరుకుతాయి, అందులో పెట్టండి. పాత ల్యాప్‌టాప్ ప్యాకుల్లోంచి పీకి అమ్మే సెల్లులు చవకని కొనకండి. విమానంలో పోతే విడి సెల్లులు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు.

చార్జింగ్ గురించి మన ఎండ తెలిసినవాళ్లకు ఒక మాట. ఈ సెల్లులను 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. మే నెలలో మధ్యాహ్నం మేడ మీది గదిలో, లేదా ఎండలో నిలబెట్టిన కారులో చార్జింగ్ పెట్టారంటే సెల్లు ఆయుష్షు తిన్నట్టే. ఎండలో మూసిన కారులో వేడి 60 దాటొచ్చు. డ్యాష్‌బోర్డు మీద టార్చి వదలొద్దు. నేను తెల్లవారుజామున లేవగానే పెడతాను, కాఫీ తాగి పేపరు చదివేలోపు సగం ఎక్కుతుంది. నిండితే 4.2 వోల్టులు. నెలల తరబడి పక్కన పెట్టాలంటే 3.7 దగ్గర ఉంచండి. 3 కంటే కిందికి దిగనివ్వకండి. 2.5 కంటే కిందికి పోయిన సెల్లును బతికించే ప్రయత్నం చేయొద్దు, పారేయండి. కుప్పతొట్టిలో కాదు, ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వాలి.

రంగు: ధర్మవరం మామ నేర్పిన పాఠం

ఈ అధ్యాయం నాది కాదు, మామది. ఆయనకు ల్యూమెన్లతో పని లేదు. సాయంత్రం కరెంటు పోయినప్పుడు వక్క రంగు పట్టు, మెరూన్ పట్టు పక్కపక్కన పెట్టుకుని కండె ఎంచాలి. నా 1200 ల్యూమెన్ల లైటు వేసి చూపించాను. రెండూ ఒకటే మట్టి రంగులో కనిపించాయి. ఆయన తన చిన్న టార్చి తీశాడు. వెలుతురు నాదానిలో పావు కూడా లేదు. కానీ మెరూన్‌లోంచి ఎరుపు పైకి లేచింది, పక్కనున్న పోగు గోధుమ వైపు ఒదిగింది. జరీ కూడా తెల్లగా కాకుండా బంగారంలా మెరిసింది. "నీ లైటు కింద చీర అమ్మితే పగలు చూసి తిరిగి ఇచ్చేస్తారబ్బాయ్" అన్నాడు.

కారణం తెల్ల ఎల్‌ఈడీ పుట్టుకలోనే ఉంది. అది నిజానికి నీలం ఎల్‌ఈడీ. జపాన్‌లో నిచియా కంపెనీలో పనిచేస్తూ షూజీ నకమురా 1993లో బాగా వెలిగే నీలం ఎల్‌ఈడీని తెచ్చాడు. ఆ పనికే అకసకి, అమనోలతో కలిపి 2014లో నోబెల్ వచ్చింది. ఆ నీలం మీద పసుపు పొడి పూస్తే, రెండూ కలిసి కంటికి తెలుపు అనిపిస్తుంది. చవక పూతలో ముదురు ఎరుపు దాదాపు ఉండదు. లేని రంగును వస్తువు ఎక్కడినుంచి తిప్పి పంపుతుంది? అందుకే ఎర్రపట్టు మట్టిపట్టు అవుతుంది.

దీన్ని కొలిచే అంకె సీఆర్‌ఐ. 100 అంటే ఎండలో చూసినట్టే. మామూలు టార్చిలు 70 దగ్గర ఉంటాయి. 90 పైనున్నది అడగండి. ముదురు ఎరుపుకు విడిగా ఆర్9 అనే అంకె ఉంటుంది, అది కూడా ఎక్కువ ఉంటే మేలు. నిచియా 519ఏ ఎల్‌ఈడీకి ఈ విషయంలో మంచి పేరు. రెండో అంకె రంగు వేడి. 6500 కెల్విన్ అంటే ఆస్పత్రి ట్యూబులైటు నీలం తెలుపు, 4000 నుంచి 5000 పొద్దుటి ఎండ, 2700 పాత బల్బు. ఎక్కువ సీఆర్‌ఐ కావాలంటే అదే ఎల్‌ఈడీ సైజులో కొంచెం వెలుతురు తగ్గుతుంది. ఆ బేరం నాకు ఎప్పుడూ లాభంగానే అనిపించింది.

రైతుకు దీంతో ఏం పని అనుకోకండి. చెనిక్కాయ చేలో పొగాకు లద్దె పురుగు పగలు దాక్కుని రాత్రి మేస్తుంది. అది ఉందో లేదో చూడాల్సింది రాత్రే. ఆకు మీది మచ్చ తిక్కా తెగులుదా, ఎండుదా అన్నది నీలం వెలుతురులో తేలదు.

వెలుతురు ఆకారం

త్వరగా చెప్పేస్తాను. లోపలి గిన్నె అద్దంలా నున్నగా ఉంటే వెలుతురు దూరం పోతుంది, నడిమధ్య చుక్క గట్టిగా ఉంటుంది. గిన్నె చీనీ తొక్కలా గరుకుగా ఉంటే చుక్క అంచులు మెత్తబడి దగ్గరి పనికి బాగుంటుంది. మొదటి టార్చికి గరుకుదే నయం. తల ముందుకీ వెనక్కీ జరిపే జూమ్ రకం సంతల్లో బాగా దొరుకుతుంది. జూమ్ చేస్తే చతురస్రంగా ఎల్‌ఈడీ బొమ్మే గోడ మీద పడుతుంది. సగం వెలుతురు గొట్టంలోనే చస్తుంది. జరిగే సందులోంచి మన ఎర్రమట్టి దుమ్ము లోపలికి పోతుంది. పిల్లలకు ఆడుకోవడానికి సరే.

స్విచ్చి ఎవరి బొటనవేలికి?

కొనేముందు అందరూ మరిచిపోయేది ఇదే. నేను నాయనకు మంచిదని ఒక టార్చి ఇచ్చాను. ఒకసారి నొక్కితే వెలుగు, పట్టి ఉంచితే పెరుగు, రెండుసార్లు నొక్కితే పూర్తి వెలుతురు, మూడుసార్లు నొక్కితే సెల్లు ఎంతుందో చెబుతుంది, నాలుగుసార్లు నొక్కితే తాళం, అంటే ఇక నొక్కినా వెలగదు. నాకది ముద్దొచ్చింది. నాయన చేతిలో అది వారంలోనే తాళం పడిపోయింది. "చెడిపోయింది" అని గూట్లో పెట్టి మళ్లీ పాత లైటు తీశాడు.

పెద్దవాళ్లకు వెనక తోకలో ఒకే క్లిక్ స్విచ్చి ఉన్నది ఇవ్వండి. మోడులు, అంటే వెలుతురు మెట్లు, రెండు చాలు. ఎప్పుడు వేసినా చిన్న వెలుతురుతో మొదలయ్యేలా ఉండాలి. టపటపా కొట్టుకునే స్ట్రోబు, ఆపద సైగ ఇచ్చే ఎస్ఓఎస్ లాంటివి మామూలు నొక్కుల వరసలో రాకూడదు. చీకట్లో మోటరు దగ్గర నాకు జరిగినట్టు జరుగుతుంది. మీకోసమైతే 'మూన్‌లైట్' మోడు, అంటే ఒక ల్యూమెను లోపు వెలుతురు, ఉన్నది చూడండి. నెలకోసారి టర్బో, అంటే పూర్తి వెలుతురు, వాడతారు, రోజూ మూన్‌లైట్ వాడతారు.

జేబులో దానంతటదే వెలగకుండా తాళం తప్పనిసరి. పెద్ద లైటు జేబులో వెలిగితే గుడ్డ కాలుతుంది, తొడ కూడా. చాలా మంచి టార్చిల్లో వెనక మూత పావు చుట్టు వదులు చేస్తే కరెంటు తెగిపోతుంది. నేను బస్సెక్కితే ముందు చేసే పని అదే.

కొన్న మొదటి వారం చేయాల్సిన పరీక్షలు

వాపసు గడువు దాటకముందే ఇవి చేయండి.

తెల్ల గోడ ముందు వేసి చుక్క మధ్యలో నల్లమచ్చ, పక్కకు జరిగిన నీడ ఉందా చూడండి. ఉంటే ఎల్‌ఈడీ మధ్యలో కూర్చోలేదు. తర్వాత తక్కువ వెలుతురులో వేసి తిరుగుతున్న ఫ్యాను రెక్కల మీద కొట్టండి. రెక్కలు ఆగినట్టో, ముక్కలుగానో కనిపిస్తే లైటు వేగంగా ఆరి వెలుగుతోందన్నమాట. కొందరికి దాంతో తలనొప్పి వస్తుంది. ఫోను కెమెరాలో గీతలు పాకినా అదే అర్థం.

నిండా చార్జి చేసి నడిమి మోడులో వేసి, ఫోనులో గడియారం పెట్టి వదిలేయండి. పెట్టె మీద రాసిందానిలో ఎనభై శాతం వస్తే సంతోషించండి. పూర్తి వెలుతురులో వేసి చేత్తో పట్టుకోండి. మూడు నిమిషాల్లో వెలుతురు దిగకుండా చేయి కాలుతుంటే ఆ లైటులో వేడి కాపలా లేదు, తిప్పి పంపండి.

నీళ్ల పరీక్ష చివర. ఐపీఎక్స్ అంటే నీళ్లను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. ఐపీఎక్స్ 8 అని రాసి ఉంటే ముందు సెల్లు తీసేసి, మూతలు బిగించి, లోటా నీళ్లలో అరగంట ఉంచండి. తీసి తుడిచి విప్పి చూస్తే లోపల ఒక్క చుక్క కూడా ఉండకూడదు. ఐపీఎక్స్ 4 అంటే వాన చినుకులకే, ముంచకండి.

చేతిలో ఎలా పట్టుకోవాలి

గుంతకల్లు అన్న దగ్గర నేర్చుకున్నాను ఇది. రాత్రి నడకలో తల లైటు కంటే నడుము దగ్గర పట్టుకున్న చేతి లైటు మేలు అంటాడు. మొదట నమ్మలేదు. తర్వాత గట్టు మీద రెండూ వేసి చూశాను. తలలైటు కంటి పక్కనే ఉంటుంది కాబట్టి ప్రతి వస్తువు నీడా దాని వెనకే దాక్కుంటుంది. నేల చాపలా చదునుగా కనిపిస్తుంది. అదే లైటును నడుము కింద, కొంచెం పక్కకు పట్టుకుంటే చిన్న రాయికి కూడా పొడుగు నీడ పడుతుంది. గుంత గుంతలా, కర్ర కర్రలా కనిపిస్తుంది. రక్తపింజర ఎండుటాకుల మీద చుట్టుకుని పడుకుంటే రంగుతో పట్టలేం, నీడతోనే పట్టాలి. కట్లపాము తిరిగేది రాత్రే. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి. ఒకవేళ కాటు పడితే కోయడం, గట్టిగా కట్టు కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు. కదలకుండా ఉండి 108కి ఫోను చేసి ఆస్పత్రికి పోవాలి.

తల లైటుకూ చోటుంది. రెండు చేతులూ కావాల్సినప్పుడు, డ్రిప్పు పైపు అతుకేసేటప్పుడు. కాకపోతే వానాకాలంలో పురుగులన్నీ ముఖం మీదికే వస్తాయి.

ఇంకో పద్ధతి: గదిలో కరెంటు పోతే టార్చిని ఎదుటివాళ్ల మీద కొట్టకండి. గ్లాసులో నిలబెట్టి పైకప్పు మీదికి వేయండి. తెల్ల సున్నం ఉన్న గదిలో 300 ల్యూమెన్లు చాలు, అందరికీ అన్నం ఆకులో కనిపిస్తుంది. ఒకసారి పెళ్లిలో జనరేటరు ఆగిపోతే తలంబ్రాలు ఇలాగే కానిచ్చాం. ఫొటోలు కూడా బాగానే వచ్చాయి.

బండి మీద ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొట్టడం ప్రమాదం. చీకటికి అలవాటు పడ్డ కన్ను పూర్తిగా కుదురుకోవడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. మీరు ఒక్క క్షణంలో దాన్ని చెడగొట్టేస్తారు. లైటు పట్టుకుని కుందేళ్ల వెంట పడేవాళ్లు కొందరున్నారు. 1972 వన్యప్రాణి చట్టం కింద ఆ వేట నేరం.

యూవీ లైటు, వజ్రాలు, తేళ్లు

ఇది మార్గదర్శిలో లేకున్నా నడుస్తుంది, కానీ చెప్పకుండా ఉండలేను. తొలకరి పడగానే వజ్రకరూరు, తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు కదా. కొన్ని వజ్రాలు యూవీ (అతినీలలోహిత) వెలుతురులో నీలంగా మెరుస్తాయని మా బావ ఎక్కడో చదివాడు. అది నిజమే, కొన్ని మెరుస్తాయి, చాలా వాటికి ఆ గుణం లేదు. 365 నానోమీటర్ల (వెలుతురు తరంగం పొడవు) యూవీ టార్చి కొని రాత్రి చేలోకి దిగాడు. నేల మీద పచ్చనీలం చుక్కలు. ఒకటి, రెండు, పది! వంగి చేయి చాచబోతే చుక్క తోక లేపింది. తేలు ఒంటిపొర యూవీలో మెరుస్తుంది. ఆ రాత్రి ఇరవై మూడు తేళ్లు లెక్కపెట్టి ఇంటికొచ్చాడు.

వజ్రం సంగతి ఎలా ఉన్నా, బూట్లలో, పశువుల కొట్టంలో, మంచం కింద తేళ్లు చూడడానికి ఆ లైటు ఇప్పుడు మా ఇంట్లో తప్పనిసరి. కొనేటట్టయితే 395 కాదు, 365 చూసి కొనండి. ముందు నల్లటి ఫిల్టరు గాజు ఉంటే ఇంకా స్పష్టం. కళ్లలోకి, పిల్లల వైపు కొట్టకూడదు.

మినుకుమినుకుమంటే

టార్చి చెడిపోయిందని మా దగ్గరికి వచ్చేవాటిలో చాలా భాగం చెడిపోయినవి కావు. దుమ్ము పట్టినవి. వెనక మూత విప్పి మర చుట్ల మీది నల్లటి మురికిని పాత బనియన్ గుడ్డతో తుడవండి. గొట్టం అంచున, రంగు లేని లోహపు చుట్టు ఉంటుంది. కరెంటు పారేది దాని మీదుగానే. దూదిని స్పిరిట్లో ముంచి అది మెరిసేదాకా రుద్దండి. స్ప్రింగు కొస కూడా తుడవండి.

అయినా మినుకుతుంటే మూత లోపల చూడండి. రెండు చిన్న రంధ్రాలున్న ఒక రింగు స్విచ్చిని పట్టి ఉంచుతుంది. వాడగా వాడగా అది వదులవుతుంది. సన్నమూతి పటకారు రెండు కొసలనూ ఆ రంధ్రాల్లో పెట్టి బిగించండి. ఈ ఒక్క పనితో నేను నలుగురి టార్చిలు బతికించాను. ఒకాయన పదో తరగతి పిల్లాడికి పెన్ను బహుమతి ఇచ్చినట్టు నాకు బెల్లం ముద్ద ఇచ్చాడు.

మర చుట్ల దగ్గరుండే రబ్బరు రింగుకు ఆరునెలలకోసారి సిలికాన్ గ్రీజు, బియ్యపు గింజంత. కొబ్బరినూనె వద్దు, అది దుమ్మును పట్టుకుని ముద్దవుతుంది. వాసెలిన్ కూడా వద్దు, కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. పాత రకం సెల్లుల టార్చి నెల రోజులు వాడకపోతే సెల్లులు తీసి పక్కన పెట్టండి. కారితే స్ప్రింగు తినేస్తుంది.

ఎక్కడ పెట్టాలి

చీకట్లో వెతుక్కోవాల్సిన టార్చి ఉన్నా లేనట్టే. ఇంట్లో ఒకచోటు నిర్ణయించి, అక్కడే పెట్టమని అందరికీ చెప్పండి. తోకకు తెల్ల దారం కట్టండి, నల్ల టార్చి నల్ల రాత్రిలో కనపడదు. చీకట్లో మెరిసే టేపు ముక్క అంటించినా సరే.

నాయనకు చివరికి సరిపోయింది ఒక్క క్లిక్ టార్చి. రెండు మోడులు, 4000 కెల్విన్, 18650 సెల్లు. తలుపు పక్కన మేకుకు తెల్ల తాడుతో వేలాడుతుంటుంది. మొదటి నెల పాత లైటు కూడా పక్కనే వేలాడింది. తర్వాత దాన్ని మా అమ్మ పిల్లలకిచ్చేసింది. ఇప్పుడు రాత్రి ఎవరు లేచినా ముందు ఆ మేకు వైపే చూస్తారు. తాడు లేకపోతే కరెంటు వచ్చిందని, నాయన తోటలో ఉన్నాడని అర్థం.